ముందు అన్నం సంగతి చెప్పండి

మా మేడమ్ గారు పోయారన్న కబురు నాకు స్టాఫ్ రూములో తెలిసింది. పెద్దాపురంలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో అప్పుడే ఇంటర్వెల్ బెల్ కొట్టారు. ఫోను తీస్తే పాత విద్యార్థినుల వాట్సాప్ గ్రూపులో ఆవిడ ఫోటో, కింద "ప్రభువునందు నిద్రించారు" అన్న మాట, ఆ కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. తణుకులో, తన ఇంట్లోనే, పొద్దున్నే లేచి కిటికీ తలుపు తీస్తూ కూలిపోయారట. కాసేపటికి సందేశాలు మొదలయ్యాయి. సాహితీ శిఖరం అని ఒకరు, జ్ఞాన సముద్రం అని ఇంకొకరు. ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు చిరాకొచ్చింది. ఆవిడే గనక చూసి ఉంటే ఎర్ర పెన్ను తీసి ఆ రెండు మాటలూ కొట్టేసి, పక్కన "ఎంత ఎత్తు? ఎంత లోతు?" అని రాసేవారు. అలా అనుకున్నాక ఏడుపొచ్చింది.

అందుకని ఇందులో శిఖరాలూ సముద్రాలూ ఉండవు. డిగ్రీలో నాకు ఇంగ్లీషు చెప్పిన ఒక మనిషి గురించి, పాత నవలల మీద ఆవిడ వేసే ఒక ప్రశ్న గురించి, ఆ ప్రశ్న మా చుట్టాలింటిదాకా వచ్చి ఏం చేసిందన్న దాని గురించి రాస్తాను.

మేడమ్ గారు బాగా పొట్టి. కూర్చుంటే వెనక బెంచీవాళ్ళకి కనిపించరని ఎప్పుడూ నిలబడే పాఠం చెప్పేవారు. నేత చీర, కుడి చేతికి వాచీ, సంచిలో ఎప్పుడూ ఒక బిస్కెట్ ప్యాకెట్. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాకు లేదు గానీ, అడిగినవాళ్ళకి "ఖాళీ దొరకలేదమ్మా" అనేవారట. ఆదివారం చర్చి పాటల బృందంలో ముందు వరసలో నిలబడి హాయిగా శ్రుతి తప్పి పాడేవారు, పాస్టరు గారు మొహమాటంకొద్దీ ఊరుకునేవారు. వంట అస్సలు రాదు. ఆవిడ పెట్టిన కాఫీ తాగినవాళ్ళంతా ఆవిడ మీద అభిమానంతో తాగినవాళ్ళే. నేనూ చాలా తాగాను.

మా సిలబస్ నిండా ప్రేమకోసం నాశనమైపోయేవాళ్ళే ఉండేవారు. దక్కని పిల్ల కోసం అయినవాళ్ళందరి మీదా కక్షగట్టినవాడొకడు. మొగుడి అనుమానాన్ని ప్రేమనుకుని ఊపిరాడక పోయినావిడ ఒకరు. రాని మనిషి కోసం గుమ్మంలోనే జుట్టు నెరిపించుకున్నావిడ ఇంకొకరు. మాకేమో పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళు. వాళ్ళ కష్టాలు చదువుతుంటే మాకూ అలాంటి కష్టం ఒకటి వస్తే బావుండుననిపించేది. ఎవరైనా లేచి, "ఆవిడంటే అతనికి ప్రాణం మేడమ్" అంటే, మేడమ్ గారు కళ్ళజోడు పైనుంచి చూసి, "ఎవరి ప్రాణం?" అనేవారు. అతనిదా, ఆవిడదా? చెప్పిన పిల్ల మళ్ళీ పుస్తకంలోకి చూసుకునేది.

అసలు ప్రశ్న వేరే ఉండేది. నాయకుడు వానలో తడుస్తూ గొప్ప మాటలు మాట్లాడుతుంటే, మేం చెంపకి చెయ్యి ఆనించుకుని వింటుంటే, ఆవిడ పేజీ మీద వేలు పెట్టి ఆపేసేవారు. "ఈ అబ్బాయి అన్నం తిని ఎన్నాళ్ళైంది?"

మేం నవ్వేవాళ్ళం. ఆవిడ నవ్వేవారు కాదు. పేజీలు వెనక్కి తిరగేయించేవారు. ఆఖరిసారి ఎక్కడ తిన్నాడు, ఎక్కడ కంటినిండా నిద్రపోయాడు, ఎవరితోనైనా ఊరికే, ఆ అమ్మాయి ఊసు లేకుండా, ఒక మామూలు మాట మాట్లాడింది ఎప్పుడు. వెతికితే ఏముండేది? అధ్యాయాలకి అధ్యాయాలు ముద్ద ముట్టినవాడు కాదు. "రచయిత రాయడం మర్చిపోయాడేమో మేడమ్" అన్నానొకసారి. "గుర్రానికి దాణా పెట్టినట్టు రాశాడుగా. తిండి సంగతి మర్చిపోయే మనిషి కాదమ్మా ఆయన" అన్నారు.

ప్రేమ సంగతి తర్వాత, ముందు అన్నం సంగతి చెప్పండి అన్నది ఆవిడ ఊతపదం. హాస్టల్లో మేం దాన్ని మెస్సు దగ్గర క్యూలో వెక్కిరింపుగా వాడుకునేవాళ్ళం. ఆవిడకి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఏమీ అనేవారు కాదు.

అలాగని ఆ పుస్తకాలంటే ఆవిడకి చులకనేమీ లేదు. నాయిక పోయే పేజీ దగ్గర బోర్డు వైపు తిరిగి, చేతిలో ఉన్న సుద్దముక్క కోసమే బల్లంతా వెతికేవారు. "ఏడవండమ్మా, నేనూ ఏడుస్తాను. కానీ ఇదే గొప్ప ప్రేమని దీవించి అక్షింతలు వెయ్యకండి" అనేవారు మా వైపు తిరిగాక. "జ్వరం ఎలా ఉంటుందో రాశాడాయన. తెచ్చుకోమని రాయలేదు." నేను ఆ మాట పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అంతకుమించి దాంతో నాకు పని పడుతుందనుకోలేదు.

ఇప్పుడు మా బావ సంగతి చెప్పాలి. బావ మా మేనత్త కొడుకు. భీమవరం అవతల పల్లెలో వాళ్ళకి రొయ్యల చెరువులు. మా ఇద్దరికీ పెళ్ళని చిన్నప్పుడే అనేసుకున్నారు, నేను డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా తాంబూలాలు కూడా పుచ్చుకున్నారు. నాకు బావంటే ఇష్టమే. ఊళ్ళో అందరి గొంతులూ అనుకరించి కడుపుబ్బ నవ్వించేవాడు. ఆ ఏడాదే మనిషి మారిపోయాడు. క్లాసులో ఉన్నా ఫోను. ఎత్తకపోతే మళ్ళీ ఫోను. పక్కన ఎవరున్నారు, ఎందుకు నవ్వుతున్నారు, నన్ను మర్చిపోయావా. ఒక్కోసారి ఎత్తితే అవతల మాటే ఉండేది కాదు, ఊపిరి వినిపించేది. విశాఖపట్నంలో నాకు ఎమ్మే సీటు వచ్చిందని తెలిశాక పూర్తిగా అన్నం మానేశాడు.

అప్పుడు మావాళ్ళు ఏం చేశారో చెబితే మీరు నవ్వుతారు, లేదా మీ ఇంట్లోనూ అలాగే చేసి ఉంటారు. సంబరపడ్డారు. అత్త మా అమ్మకి ఫోన్ చేసి, ఆ ఏడుపులోనే కాస్త గర్వంగా, "నీ కూతురంటే వాడికి ప్రాణమే వదినా. దానికోసం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టట్లేదు" అంది. అమ్మ ఫోను పెట్టేసి, "ఇంతలా ప్రేమించేవాడు ఎవరికి దొరుకుతాడే?" అని నా తల నిమిరింది. మా వైపు అలిగి అన్నం మానేయడం కొత్తేమీ కాదు. కొత్త అల్లుడు మానేస్తాడు, ఇంటి పెద్ద మానేస్తాడు, నలుగురూ చేరి బతిమాలితే తింటారు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుకుంటారు. బావదీ అలాంటి అలకే అనుకున్నారు. సీటు వద్దనుకుంటున్నానని నేనొక్క మాట అంటే చాలు, ముద్ద మింగుతాడన్నారు.

నేనూ అనేద్దామనే అనుకున్నాను. మేడమ్ గారికి చెప్పి రావాలి కదా అని కాలేజీకి వెళ్ళాను. ఆవిడ పేపర్లు దిద్దుకుంటున్నారు.

"విశాఖపట్నం వెళ్ళట్లేదు మేడమ్. మా బావ అన్నం తినట్లేదు. నేనంటే ప్రాణం మేడమ్."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఆవిడ ఏమడుగుతారో తెలిసి తల దించుకున్నాను. ఆవిడ అది అడగలేదు. పెన్నుకి మూత పెట్టి, "ఎప్పట్నించి తినట్లేదు? నీకు సీటు వచ్చినప్పట్నించేనా, అంతకుముందు నుంచా?" అన్నారు.

నాకు తెలీదు.

"నిద్రపోతున్నాడా?"

అదీ తెలీదు.

"స్నేహితులతో తిరుగుతున్నాడా?"

ఆలోచించాను. బావ నోట స్నేహితుల మాట విని చాలాకాలమైంది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. మేడమ్ గారు పేపర్లు సర్ది సంచిలో పెట్టుకున్నారు. "ఆదివారం చర్చి అయ్యాక వస్తాను. మీ నాన్నగారిని కూడా రమ్మను. మీ బావ వాళ్ళింటికి వెళ్దాం."

మేం వెళ్ళేసరికి మామయ్య, అంటే బావ వాళ్ళ నాన్న, చెరువు దగ్గరే ఉన్నారు. నీళ్ళ మీదికి కట్టిన చెక్కబల్ల చివర నిలబడి తాడు పట్టుకుని చెక్ ట్రే పైకి లాగుతున్నారు. చెరువులో మేత చల్లినప్పుడు కొంచెం మేత ఆ వలపళ్ళెంలో కూడా వేసి నీళ్ళలో దింపుతారు. కాసేపాగి లాగితే రొయ్యలు తిన్నాయో లేదో తెలిసిపోతుంది. మేడమ్ గారు ఎప్పుడూ చూసినట్టు లేదు, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గట్టు దిగారు.

"ఏంటండి అది?"

మామయ్య ఓపిగ్గా చెప్పారు.

"మరి మేత మిగిలిపోతే ఏం చేస్తారండి?"

"ఆయ్, కంగారే కదండి మరి. రొయ్య మేత తీసుకోలేదంటే లోపల ఏదో జబ్బున్నట్టేనండి. అప్పటికప్పుడు నాలుగు రొయ్యల్ని పట్టుకుని ల్యాబ్‌కి పరిగెడతామండి. ఆలస్యం చేస్తే చెరువు చెరువంతా పోద్దండి."

"బతిమాలరా?"

మామయ్య నవ్వారు. "రొయ్యని బతిమాలడమేంటండి."

"మరి అబ్బాయి తిండి మానేసి ఎన్నాళ్ళైందండి?"

మామయ్య చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది. నీళ్ళు కారుతున్నాయి. కోపం వస్తుందేమోనని నాన్న ఒక అడుగు ముందుకేశారు. మామయ్య ట్రే బల్ల మీద పెట్టేసి, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. తుడుచుకుంటూనే ఉన్నారు. "నిరుడు వేసవిలో పంట పోయిందండి. అప్పట్నించే సరిగ్గా తినట్లేదండి" అన్నారు చివరికి. "మేం పిల్ల గురించనుకున్నామండి."

ఇంట్లో బావ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నన్ను గుమ్మం దగ్గరే ఆగమని మేడమ్ గారు మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ లాక్కున్నారు. సంచిలోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి, విప్పి, ఒకటి తను తింటూ కూర్చున్నారు. అతన్ని తినమనలేదు. లెమ్మనలేదు. చాలాసేపటికి, "నిద్ర పడుతోందా బాబూ?" అన్నారు.

"లేదండి."

"పడుకుంటే ఏమనిపిస్తుంది?"

బావ గోడతోనే మాట్లాడాడు. "ఏం బావుండట్లేదండి. పంట మళ్ళీ వేశామండి, అది బానే ఉందండి. అయినా ఏం బావుండట్లేదండి. తను దగ్గరుంటే తగ్గిపోద్దనుకున్నానండి."

"తను మందు కాదు బాబూ. మనిషి." ఆవిడ గొంతులో కోపం లేదు, పాఠం చెప్పే తీరూ లేదు. "తను చదువు మానేసి వచ్చి నీ పక్కన కూర్చున్నా ఇది తగ్గదు. తగ్గలేదని నీకు తన మీద కోపం వస్తుంది. తనకి నువ్వంటే భయం పట్టుకుంటుంది. నేను ఇన్నేళ్ళుగా అవే నవలలు చెబుతున్నాను, ఒక్కదాంట్లో కూడా తగ్గలేదు. రాజమండ్రిలో దీనికి డాక్టరున్నారు. నేనూ తోడొస్తాను."

బావ ఇటు తిరిగాడు. "పిచ్చి డాక్టరాండి?"

"నిద్ర డాక్టరనుకో. అన్నం డాక్టరనుకో. పేరుదేముంది?"

ఆవిడ ప్యాకెట్ జరిపారో, అతనే చెయ్యి చాపాడో నేను చూడలేదు, కళ్ళు మసకేశాయి. బిస్కెట్ కొరికిన చప్పుడు మాత్రం విన్నాను. నా వెనకాల అత్త కూడా వింది. వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తిరుగు బస్సులో నాన్న ముందు సీట్లో కూర్చున్నారు, మేమిద్దరం వెనక. ఎందుకంత కచ్చితంగా చెప్పగలిగారని అడిగాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ చెప్పారు.

"మా అన్నయ్య కూడా ఇలాగే గోడవైపు తిరిగి పడుకున్నాడమ్మా. నేనప్పుడు స్కూల్లో చదువుతున్నాను. తను ఇష్టపడ్డ అమ్మాయికి వేరేచోట పెళ్ళయిపోయింది. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవారు. ప్రేమంటే ఇదీ అనేవారు. కథల్లో మనిషిలా ఉన్నాడనేవారు. అలా మెచ్చుకుంటూ ఉండగానే పోయాడు. ఒక్కరు డాక్టరు మాట ఎత్తలేదు." సంచి ఒళ్ళోకి లాక్కుని, "మెచ్చుకోకుండా ఉంటే, ఎవరైనా కూర్చోబెట్టి అన్నం పెట్టి ఉండేవారేమో" అన్నారు. ఆ తర్వాత చెరువుల్లో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలని ఏమంటారని అడిగారు. ఏరేటర్లంటారని చెప్పాను. అన్నయ్య గురించి నాకు ఆవిడ చెప్పింది అదొక్కసారే.

రాజమండ్రి వెళ్ళగానే అంతా బాగైపోయిందని చెబితే అది ఇంకో రకం కథ అవుతుంది. మొదట ఇచ్చిన మందులు పడలేదు. ఒళ్ళు మత్తుగా ఉందని బావ మధ్యలో మానేశాడు, మామయ్య మళ్ళీ తీసుకెళ్ళారు. ఊళ్ళో అడిగినవాళ్ళకి అత్త గ్యాస్ ట్రబుల్ అని చెప్పేది. నేను విశాఖపట్నం వెళ్ళాను. మేడమ్ గారు బస్టాండుకి వచ్చి ఒకటే మాట చెప్పి పంపారు. "బావ ఫోన్ చేస్తే మాట్లాడు. కానీ చచ్చిపోతానని ఎప్పుడైనా అంటే ఆ క్షణమే మీ మామయ్యకి చెప్పు. అది మీ ఇద్దరి మధ్య దాచుకోవాల్సిన మాట కాదు." ఒకసారి అన్నాడు. వెంటనే చెప్పాను. మామయ్య చెరువు పని వదిలేసి వెళ్ళి, కొడుకు పక్కన చాప వేసుకుని పడుకున్నారు. చాలా రోజులు అలాగే పడుకున్నారు.

మరుసటి ఏడాది పెళ్ళి వద్దన్నది బావే. "నిన్ను చూస్తే ఆ రోజులే గుర్తొస్తున్నాయే" అన్నాడు. నాకు కష్టంగానూ అనిపించింది, తేలిగ్గానూ అనిపించింది. అత్త నాతో చాలాకాలం మాట్లాడలేదు గానీ, మేడమ్ గారికి మాత్రం ప్రతి వేసవిలో ఆవకాయ జాడీ పంపేది.

బావ రాజమండ్రి నుంచి వస్తూ తణుకులో దిగి మేడమ్ గారిని చూసి వెళ్ళేవాడు. ఆ కాఫీ తాగాక ఇక ఏ మందూ చేదనిపించదనేవాడు. అలా అన్నాడని నేను ఆవిడకి చెబితే, అతను మళ్ళీ వచ్చినప్పుడు ఇంకో చెంచా పొడి ఎక్కువ వేశారట. ఆవిడ అతనికి ఆ పాత నవలల్ని తెలుగులో కథలుగా చెప్పేవారు. ఒకరోజు ప్రియురాలి కోసం కొండల్లో పడి తిరిగే నాయకుడి కథ అంతా విని, బావ, "ఇతన్ని ఎవరూ రాజమండ్రి తీసుకెళ్ళలేదాండి?" అని అడిగాడట. మేడమ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారట. అప్పట్నించీ ఏ బ్యాచ్‌కి పాఠం చెప్పినా, అడిగింది ఎవరో చెప్పకుండా ఆ ప్రశ్న వాళ్ళకీ వినిపించేవారు. బావ నలుగురి గొంతులూ మళ్ళీ అనుకరించడం మొదలుపెట్టాడు. మొట్టమొదట అనుకరించింది ఆవిడ గొంతే, అదీ ఆవిడ ముందే.

ఆఖరిసారి ఆవిణ్ణి చూసింది మొన్న వానాకాలం మొదట్లో. మా క్లాసు పిల్లలు ఇప్పుడు అలాంటి నాయకుల్ని టాక్సిక్ అనేసి పేజీ తిప్పేస్తున్నారని చెప్పాను, మెచ్చుకుంటారనుకుని. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఆ అమ్మాయి వెళ్ళిపోవాలి, సరే. వెళ్ళనివ్వు. కానీ ఒక పేరు పెట్టేసి అందరూ వెళ్ళిపోతే ఆ అబ్బాయికి అన్నం ఎవరు పెడతారు? మిగతా ఊరు ఏం చేస్తోంది?" అన్నారు. ఆ మర్నాడు క్లాసులో ఆ మాట అడిగాను. తిప్పేసిన పేజీల్ని పిల్లలు మళ్ళీ వెనక్కి తిరగేశారు. నాకు ఆ చప్పుడు నచ్చింది. ఆవిడకి ఫోన్ చేసి చెబుదామనుకుంటూనే రోజులు గడిచిపోయాయి.

ఆవిడ భూస్థాపనకి నేను వెళ్ళేసరికి చర్చి నిండిపోయింది. బావ అప్పటికే భార్యతో వచ్చి ఉన్నాడు. సమాధుల తోటకి కాలువ గట్టు మీదుగా వెళ్ళాలి. ముందురోజు కురిసిన వానకి గట్టంతా బురదై, పెట్టెని తీసుకెళ్తున్న వ్యాను సగం దారిలో దిగబడిపోయింది. చక్రాల కింద ఇటుకలు పెట్టి చూశారు, కదల్లేదు. మోసుకుని వెళ్ళాల్సిందేనని సంఘ పెద్దలు అనుకున్నారు. "ఒక భుజం తక్కువైందండి, ఎవరైనా రండి" అని ఒకాయన అడిగారు.

బావ ఫోను భార్య చేతికిచ్చి, చెప్పులు గట్టు పక్కన విడిచి, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని వెళ్ళాడు. ఇప్పుడు కాస్త బొజ్జ వచ్చింది, జబ్బలు వెడల్పయ్యాయి. మొదటిసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజు ఇతన్ని కారెక్కించడానికి మామయ్యా నాన్నా చెరోపక్కా పట్టుకోవాల్సి వచ్చింది. పెట్టె ముందువైపు భుజానికెత్తుకున్నాడు. రెండో చెయ్యి కిందుగా పెట్టి జారకుండా పట్టుకున్నాడు. వెనకాల పాట అందుకున్నారు. బావకి ఆ పాట రాదు. బురదలో ఒక్కో అడుగూ కూడదీసుకుని వేస్తూ, "నెమ్మదండి, ఇక్కడ గొయ్యి ఉందండి, ఇటు రండి" అని వెనకవాళ్ళకి చెబుతూ, ఆవిణ్ణి గట్టు వెంబడి తీసుకెళ్ళాడు.